నేను చూడని గెలుపు

నవంబరు మొదటి వారంలో మా అమ్మాయి అదితి ఒక కాగితం తెచ్చి నా పళ్ళెం పక్కన పెట్టింది. స్కూల్లో ఆడపిల్లల కుస్తీ జట్టులో చేరడానికి తల్లిదండ్రుల అనుమతి పత్రం అది.

"నాన్నా, సైన్ చేస్తావా? రేపే లాస్ట్ డే."

మా ఆవిడ జయంతి చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. జయంతి ఫిజికల్ థెరపిస్టు. మేముండే కమ్మింగ్ ఊళ్ళోనే, ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న క్లినిక్‌లో రోజంతా మెడలు పట్టేసినవాళ్ళనీ, భుజాలు జారినవాళ్ళనీ చూస్తుంటుంది. వాళ్ళలో సగం మంది హైస్కూల్ పిల్లలే.

"వద్దు. టెన్నిస్ ఆడు, స్విమ్మింగ్ చెయ్యి. మెడ విరగ్గొట్టుకునే ఆట నాకొద్దు," అంది.

"అమ్మా, టీవీలో వచ్చేది కాదు ఇది. రియల్ రెజ్లింగ్. రూల్స్ ఉంటాయి. రెఫరీ ఉంటాడు."

"నా దగ్గరికొచ్చే వాళ్ళకీ రెఫరీలు ఉన్నారే."

అదితికి పదిహేనేళ్ళు. అప్పటిదాకా వయొలిన్ మూడు వారాలు, డిబేట్ రెండు వారాలు, కూచిపూడి ఒక వేసవి చేసి మానేసింది. అలాంటి పిల్ల ఒకటి కావాలని నోరు తెరిచి అడగడం అదే మొదలు. నేను పెన్ను తీసుకున్నాను. జయంతి నా చేతిమీద చెయ్యి వేసి ఆపింది.

"ఒక్క మాట. శనివారాలు నాకు క్లినిక్. వీలున్నా నేనా కొట్లాట చూడలేను. మీరు ప్రతి మ్యాచ్‌కీ వెళ్ళాలి. వెళ్ళి కూర్చోవడం కాదు, చూడాలి. ఎలా పడింది, మెడ ఎటు తిరిగింది, అన్నీ చూసి నాకు చెప్పాలి. ఏ కాస్త తేడా కనిపించినా ఆపించాలి."

"కళ్ళార్పకుండా చూస్తాను," అని సంతకం పెట్టాను.

అదితి లేచి వచ్చి నా మెడ కౌగిలించుకుంది. ఎన్నేళ్ళయిందో అది అలా చేసి. ఆ రాత్రి భోజనంలో నేనే హీరోని.

మొదటి మ్యాచ్‌లో నాకేమీ అర్థం కాలేదు. నీలం రంగు మ్యాట్ మీద ఇద్దరు పిల్లలు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని వంగి తిరిగారు. ఇంతలో మా అమ్మాయి వెల్లకిలా పడి ఉంది. రెఫరీ చేత్తో మ్యాట్‌ని ఫట్‌మని కొట్టాడు. నలభై సెకన్లు. రెండు భుజాలూ రెండు సెకన్లపాటు నేలకి ఆనితే పిన్ అంటారనీ, దాంతో ఆట అయిపోయినట్టేననీ పక్కన కూర్చున్న డెనీస్ చెప్పింది. డెనీస్ కూతురు కూడా అదే జట్టులో ఉంది.

ఇంటికొచ్చాక నియమాలు నేర్చుకుందామని ఫోన్‌లో రెజ్లింగ్ అని వెతికాను. నిజంగా నేర్చుకుందామనే. అప్పుడే ఆ కార్డులాట కనిపించింది. ఉచితం అని పచ్చరంగులో రాసి ఉంది.

ఆట చాలా తేలిక. ఒక్కో కార్డు మీద ఒక్కో వస్తాదు బొమ్మ. కింద బలం, ఓర్పు, వేగం అని అంకెలు. నేనొక కార్డు వేస్తే అవతలివాడొకటి వేస్తాడు. తెర మీద వస్తాదులిద్దరూ కలబడతారు, పెద్ద అంకె ఉన్నవాడు అవతలివాణ్ణి ఎత్తి కుదేస్తాడు. గెలిస్తే కొత్త కార్డు. ఒకే రకం కార్డులు రెండు దొరికితే రెండింటినీ కలిపి ఇంకా బలమైనవాణ్ణి తయారు చేసుకోవచ్చు. ఆరేళ్ళ పిల్లలు ఆడగలరు. నాకు నలభై ఎనిమిది.

ఆ ఏడాది వేసవిలో మా ఆఫీసులో మార్పులు జరిగి నా కింద పనిచేసే పదకొండు మందినీ ఇంకో మేనేజర్‌కి అప్పగించారు. నా ఉద్యోగం పోలేదు. మేనేజర్ అనే పేరూ పోలేదు. పొద్దున్నే లాగిన్ అయితే నన్నేదైనా అడిగేవాళ్ళు మాత్రం లేకుండా పోయారు. ఆ ఆటలో ఇరవై మంది కలిసి జట్టు కట్టి ఇంకో జట్టుతో పోటీపడవచ్చు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ నాటికి నేను ఒక జట్టుకి కెప్టెన్ని. ఒహాయోలో ట్రక్కు నడిపే మనిషి, టెక్సస్‌లో ఒక నర్సు, ఇంకా ముఖాలు తెలియని పదిహేడు మంది. అందరూ నన్ను "చీఫ్" అనేవారు. "చీఫ్, ఇప్పుడెవర్ని దింపను?" అని అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. ఇది సంజాయిషీ కాదు. ఎలా మొదలైందో చెబుతున్నానంతే.

కుస్తీ పోటీలంటే చూసేవాళ్ళకి ఎక్కువ భాగం ఎదురుచూపే. శనివారం పొద్దున్న ఏడింటికి వెళ్ళి కూర్చుంటే సాయంత్రం నాలుగు దాకా అక్కడే. అంతసేపట్లో మన పిల్ల ఆడేది మహా అయితే పది నిమిషాలు. మొదట్లో మధ్యలో ఖాళీ సమయాల్లోనే ఫోన్ తీసేవాణ్ణి. డిసెంబరు వచ్చేసరికి అదితి మ్యాట్ మీదికి వచ్చినప్పుడు ఫోన్ బోర్లా పెట్టేవాణ్ణి. తర్వాత బోర్లా పెట్టడం మానేసి, ఒక కన్ను ఇటూ ఒక కన్ను అటూ పెట్టాను. ఎలాగూ ఓడిపోతోంది కదా అని లోపల ఒక మాట కూడా అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

ఇంటికి రాగానే జయంతి అడిగేది. "మెడ ఎలా ఉంది? తల కొట్టుకుందా?"

"ఏం లేదు. బాగానే పడింది," అనేవాణ్ణి.

అదితి మాట కలిపేది. "నాన్న అంతా చూశాడు అమ్మా. ఐ యామ్ ఫైన్."

అదలా అన్నప్పుడల్లా నా కూతురు నన్నెంత నమ్ముతోందో అనుకున్నాను.

జనవరి రెండో శనివారం. గంటన్నర దూరంలో ఒక స్కూలు జిమ్‌లో పోటీలు. ఒకేసారి ఆరు మ్యాట్ల మీద ఆటలు, ఈలలు, అరుపులు. ఆ రోజే మా కార్డుల జట్టుకి ఫైనల్. మూడు రోజులుగా గుంజుకుంటూ వస్తున్న పోటీ మధ్యాహ్నం పన్నెండింటికి ముగుస్తుంది. పదకొండూ యాభై రెండుకి అవతలి జట్టు మాకంటే నాలుగు ఆటలు ముందుంది. "చీఫ్, వాట్ డూ వుయ్ డూ?" అని వరసగా మెసేజీలు.

మైకులో అదితి పేరు వినిపించింది. మూడో నంబరు మ్యాట్. తలెత్తి చూశాను. అది హెడ్‌గేర్ బకిల్ పెట్టుకుంటోంది. ఇంకా మొదలవలేదు కదా అని తల దించాను. ఒక్క ఆట వేశాను. గెలిచాను. ఇంకొకటి వేశాను.

డెనీస్ నా భుజం పట్టి ఊపేస్తూ కేక పెట్టింది. నేను తలెత్తేసరికి రెఫరీ అదితి చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. ఎదుటి పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. అదితి గెలిచింది. పదమూడు ఓటముల తర్వాత మొదటి గెలుపు. దాని ముఖమంతా చెమట, ముక్కు ఎర్రగా ఉంది. మెట్ల వరసల్లో నాకోసం వెతుకుతోంది. నేను లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి అరిచాను. ఒక చేతిలో ఫోన్ ఉంది.

కార్లో కూర్చున్నాక అడిగింది. "చూశావా నాన్నా?"

"చూడకపోవడమేంటి! అలా ఎత్తి కుదేశావు కదా! ఏం స్లామ్ అది! ఆ పిల్లకి చుక్కలు కనిపించుంటాయి."

అదితి సీట్ బెల్ట్ సర్దుకుని "యా," అంది. కిటికీ వైపు తిరిగి ఇంటిదాకా నిద్రపోయింది. నిద్రపోయిందనే అనుకున్నాను.

ఇంట్లో జయంతికి అదే చెప్పాను. ఈసారి చేతులతో అభినయించి చూపించాను కూడా. జయంతి పాయసం చేసింది. అదితి స్పూన్‌తో గిన్నెలో జీడిపప్పుల్ని అటూ ఇటూ తోస్తూ కూర్చుంది.

మరుసటి రోజు ఆదివారం లక్ష్మీపతి గారింట్లో భోజనాలు. మా వీధిలోనే ఉంటారు. ఆ వారాంతం ఇంటికొచ్చిన వాళ్ళమ్మాయి రియా ఇప్పుడు కాలేజీలో ఉంది. అంతకుముందు మూడేళ్ళు అదే స్కూల్లో కుస్తీ జట్టుకి స్కోరు రాసింది. పదిహేను మంది చేరారు. లక్ష్మీపతి నా వీపు తట్టి, "రాధాకృష్ణా, నిన్ను మెచ్చుకోవాలయ్యా. ఒక్క మ్యాచ్ వదలకుండా వెళ్తున్నావట. మా వాళ్ళెవరూ సాకర్ ప్రాక్టీస్‌కి కూడా ఆగరు. దింపేసి పోవడమే," అన్నారు. ఆయన భార్య జ్ఞానప్రసూన, "మన ఆడపిల్లని ఈ ఆటలో పెట్టడానికి తండ్రికి గుండె ఉండాలి," అంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు. పులిహోర పళ్ళెం పక్కన పెట్టి లేచి, మా అమ్మాయి ఆ పిల్లని నడుం పట్టి ఎత్తి ఎలా నేలకేసి కొట్టిందో చూపించాను.

రియా నవ్వింది. "అంకుల్, స్లామ్ అయితే ఫౌల్ కదా. హైస్కూల్లో ఇల్లీగల్. అలా చేస్తే అవతలి పిల్లకి పాయింట్స్ ఇస్తారు."

జయంతి నావైపు చూసింది. ఏదో అనబోయి నోరు తెరిచాను.

"నాన్న అన్నిటినీ స్లామ్ అనే అంటాడు," అంది అదితి సోఫాలోంచి. గొంతు చాలా మామూలుగా ఉంది. "ఇట్ వాజ్ ఎ హాఫ్ నెల్సన్. చంక కిందనుంచి చెయ్యి పోనిచ్చి మెడ మీద పెట్టి తిప్పేశా. నాన్న అక్కడే ఉన్నాడు. హి జస్ట్ డజంట్ నో ది వర్డ్స్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా కూతురు పదిహేను మంది ముందు నాకోసం అబద్ధమాడింది. నేను నవ్వుతూ నిలబడి ఆ అబద్ధాన్ని తీసుకున్నాను.

సోమవారం పొద్దున్న స్కూల్‌కి దింపేటప్పుడు సిగ్నల్ దగ్గర ఆగి అడిగాను. "నేను చూడలేదని నీకెలా తెలుసు?"

"నువ్వు స్లామ్ అన్నావుగా."

"అంతకుముందు?"

"డిసెంబర్ నుంచి తెలుసు. పైకి చూస్తా కదా, నీ ఫేస్ కనిపించదు. నీ బాల్డ్ స్పాట్ కనిపిస్తుంది." నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు. "ఇట్స్ ఓకే నాన్నా. అమ్మకి మాత్రం చెప్పకు. నువ్వు చూడట్లేదని తెలిస్తే మాన్పించేస్తుంది. ప్లీజ్."

ఇన్నాళ్ళూ "నాన్న అంతా చూశాడు" అన్నది నామీద నమ్మకంతో కాదు. నేను చూడని ఆటల్ని చూశానని నా తరఫున అదే చెబుతూ వచ్చింది.

"ఇకమీదట ఫోన్ ముట్టుకోను," అన్నాను.

"ఓకే," అంది. బ్యాగ్ తీసుకుని దిగిపోయింది.

మాట మూడు రోజులు నిలబెట్టుకున్నాను. గురువారం సాయంత్రం మా స్కూల్లోనే ఇంకో స్కూలుతో పోటీ. అదితి కంటే ముందు ఇంకా మూడు ఆటలున్నాయి. జేబులో ఫోన్ రెండుసార్లు కదిలింది. అదితి ముందు ఫోన్ ముట్టుకోకూడదు కదా, అందుకని మంచినీళ్ళు తాగే వంకతో బయట వసారాలోకి వెళ్ళి, ట్రోఫీల అద్దాల బీరువా పక్కన నిలబడి తీశాను. ఒక్క ఆటే అనుకున్నాను. ఆ ఒక్కటీ ఓడిపోయాను. ఇంకొకటి మొదలుపెట్టాను.

తలుపు తోసుకుని డెనీస్ వచ్చింది. "అదితి ఈజ్ డౌన్. దే ఆర్ లుకింగ్ ఫర్ యూ."

లోపలికి పరిగెత్తాను. అదితి మ్యాట్ మీద బోర్లా పడుకుని ఉంది, కుడిచెయ్యి పక్కకి చాచి. దెబ్బలు చూసే స్కూలు ట్రైనర్, ఒక పెద్దావిడ, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మెడ మెల్లగా తడుముతోంది. చెయ్యంతా తిమ్మిరెక్కి మంట పుడుతోందని అదితి చెబుతోంది. ట్రైనర్ తలెత్తింది. "డాడ్, డిడ్ యూ సీ హౌ షీ ల్యాండెడ్? తల ముందా, భుజం ముందా?" ఆవిడ ఆ సమయంలో ఇంకో పిల్ల ముక్కుకి కట్టు కడుతోందట.

అప్పుడే ఫోన్ మోగింది. ఎవరో జయంతికి చెప్పినట్టున్నారు. ఎత్తాను.

"స్పృహలో ఉందా? వేళ్ళు కదుపుతోందా?" జయంతి గొంతు క్లినిక్ గొంతు, గబగబా, స్పష్టంగా. "సరే. ఎలా పడిందో చెప్పండి. మెడ ఎటు వంగింది? కుడికా, ఎడమకా?"

అదితి నేలమీదనుంచి నన్నే చూస్తోంది. చెంప మ్యాట్‌కి నొక్కుకుపోయి ఉంది. మెల్లగా, ఎవరికీ తెలియకుండా, తల అడ్డంగా ఊపబోయింది. ట్రైనర్ కదలొద్దంది.

"ఏమండీ, మిమ్మల్నే. ఎటు వంగింది?"

"నేను చూడలేదు," అన్నాను.

"ట్రైనర్‌కి ఫోన్ ఇవ్వండి," అంది.

అదృష్టం బాగుండి అది పెద్ద దెబ్బ కాలేదు. మెడ దగ్గర నరం లాగడం వల్ల వచ్చిన తిమ్మిరి. అరగంటలో చెయ్యి మామూలైంది. ఎలా పడిందో కోచ్ చూసి చెప్పాడు. వారం రోజులు ఆడకూడదన్నారు.

ఇంట్లో జయంతి దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తనే మళ్ళీ పరీక్ష చేసింది. భుజాలు ఎత్తమంది, వేళ్ళు పిడికిలి బిగించమంది. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అంతా చెప్పేశాను. కార్డులాట, జనవరి శనివారం, లక్ష్మీపతి గారింట్లో నా అభినయం. చీఫ్ అనే మాట కూడా చెప్పాను. అదొక్కటే అన్నిటికన్నా చిన్నతనంగా అనిపించింది. అదితి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది, నామీద కోపంతో కాదు. "అమ్మా, ప్లీజ్ డోంట్ మేక్ మీ క్విట్," అంది.

జయంతి నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అదితి జుట్టు వెనక్కి తీసి, మెడకి ఐస్ ప్యాక్ పెట్టి, "మానొద్దు. నేను వస్తాను," అంది.

మర్నాడే క్లినిక్‌లో తన శనివారాల షిఫ్టులు మార్చుకుంది. ఆ ఆటని ఫోన్‌లోంచి అప్పుడే తీసేశానని చెప్పుకోవాలని ఉంది. కానీ రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లోనూ నా జట్టు నన్ను అడుగుతూనే ఉంది, ఎక్కడున్నావని.

ఫిబ్రవరిలో ఆ సీజన్ చివరి పోటీకి ముగ్గురం వెళ్ళాం. జయంతి మొదటి ఆట సగం చేతివేళ్ళ సందుల్లోంచి చూసింది. రెండో ఆటకి బెంచీ ఎక్కి నిలబడి, "లే తల్లీ! మోకాలు లాగు! లే!" అని తెలుగులో అరిచింది. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. అదితి ఒకటి గెలిచి రెండు ఓడింది. ప్రతి ఆటా మొదటినుంచి చివరిదాకా చూశాను. కాలు ఎక్కడ పెట్టింది, ఎప్పుడు ఊపిరి పట్టింది, అన్నీ చూశాను. దారిలో వాళ్ళిద్దరూ ముందు సీట్లలో కూర్చుని ఒక్కో ఎత్తూ మళ్ళీ మళ్ళీ చెప్పుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పైనుంచి దిగి వచ్చేసరికి హాల్లో కాఫీ టేబుల్ గోడకి జరిపేసి ఉంది. జయంతి కార్పెట్ మీద చుడీదార్‌తో వెల్లకిలా పడుకుని ఉంది. అదితి ఆమె మీద అడ్డంగా పడి, ఆ చివరి ఆటలో తననెలా పడేశారో చూపిస్తోంది. ఇద్దరూ నవ్వాపుకోలేక ఆయాసపడుతున్నారు.

"నా భుజాలు ఆనలేదు!" అంటోంది జయంతి.

"ఆనాయి అమ్మా! యూ ఆర్ పిన్డ్!"

నేను వెనక్కి తిరిగి మెట్లెక్కబోయాను.

"నాన్నా, రా. ఇక్కడ పడుకో. రెఫరీ అలాగే చూస్తాడు," అంది అదితి. "రెండు భుజాలూ ఆనితేనే కొట్టాలి. గెస్ చెయ్యకూడదు."

ఆ మాటలో వెక్కిరింత లేదు. ఉండుంటే కాస్త తేలిగ్గా ఉండేది.

పొట్ట మీద పడుకుని చెంప కార్పెట్‌కి ఆనించాను. జయంతి భుజం కింద సన్నటి వెలుతురు గీత కనిపించింది.

"ఎడమ భుజం ఆనలేదు," అన్నాను.

"షూర్?"

"వేలెడు సందుంది."

జయంతి నావైపు తల తిప్పింది. ఆ గురువారం తర్వాత ఆమె నన్ను అంత దగ్గరగా చూడలేదు. అదితి పళ్ళు బిగపట్టి, బరువంతా ముందుకి తెచ్చింది. నేను చెయ్యి పైకెత్తి పట్టుకుని, ఆ సందు మూసుకుపోయేదాకా చూస్తూ ఉన్నాను.